కొండ నడకకు తోడెవ్వరు?

తీర్థయాత్ర ఇంటి గడప దాటకముందే, సంకల్పము కలిగిన క్షణముననే ప్రారంభమగునని పెద్దలు చెప్పుదురు. సింగపూరు వంటి నగరమున నివసించు భక్తునకు ఆ సంకల్పము కలిగిన మరునాడే మరియొక ప్రశ్న ఎదురగుచున్నది. పాస్ పోర్టు, వీసా, విమానపు టిక్కెట్టు, పనిచేయు చోట సెలవు, పిల్లల బడి సెలవులు - వీనిని అన్నిటిని ఎవరు చూచుకొందురు? ఏడు దినములలో పది దేవాలయములు చూపించెదమని చెప్పు టూరువారి చేతిలో పెట్టవలెనా? లేక కుటుంబమువారే కూర్చుండి, దారులు తెలిసికొని, తమ యాత్రను తామే ఏర్పరచుకొనవలెనా?

ఇది డబ్బు లెక్కకు మాత్రమే సంబంధించిన ప్రశ్న యని కొందరు తలచుదురు. బస్సులో కూర్చుండి చూచి వచ్చు యాత్రకు అది కొంతవరకు నిజమే కావచ్చును. కాని తిరుమల కొండ మెట్లెక్కి పోవుట, సింహాచలము గిరిప్రదక్షిణము చేయుట వంటి నడక యాత్రలకు ఈ ప్రశ్న ధర్మవిచారణయే యగును. ఏలయన, నడకలో బలవంతుడు ముందుండును, బలహీనుడు వెనుకబడును. వెనుకబడినవాని కొరకు ఎవరు నిలుతురు అనునదే అక్కడ పరీక్ష.

మన పూర్వికుల అనుభవము

ఈ ప్రశ్న మన సముదాయమునకు కొత్త కాదు. విశాఖపట్నము, గంజాము, గోదావరి మండలములనుండి మన తాత ముత్తాతలు మలయా తోటలకు వచ్చినపుడు వారి ప్రయాణమును వారు ఏర్పరచుకొనలేదు. ఒప్పంద కూలీ పద్ధతి మలయాలో 1910లో రద్దయినది. దానితో పాటుగను, దాని తరువాతను కంగాణి పద్ధతి నడిచినది. కంగాణి తన ఊరివారినే, తన బంధువులనే పోగుచేసికొని ఓడ ఎక్కించెను. దారి ఖర్చు అతడే పెట్టెను. ఆ ఖర్చు తరచుగా అప్పుగా మారి కూలివాని మెడకు చుట్టుకొనెను. ఎంతమందిని తెచ్చిన అంత ప్రతిఫలము కంగాణికి దక్కుచుండెను. 1938లో భారత ప్రభుత్వము కూలీల వలసను నిషేధించువరకు ఈ విధముగనే జరిగినది.

అందుచేత, ఇతరుడు చూపిన దారిని కన్నులు మూసికొని నడచిన ఫలితమెట్టిదో మన ఇండ్లలో తెలియని వారు లేరు. అయినను మరియొక సత్యమును గూడ మరువరాదు. ఆ తోటలలో రామభజన మందిరములు లేచినది ఒక్కని చేతిమీద కాదు. పగలంతయు రబ్బరు పాలు తీసినవారు పదిమంది కూడి, పైస పైస వేసికొని నిలిపినవి అవి. ఇతరుని వెంట నడచుటలో ప్రమాదము కలదు. పదిమందితో కూడి నడచుటలో బలము కలదు. ఈ రెండింటి భేదమును తెలిసికొనుటకే పురాణేతిహాసములు మనకు సహాయపడుచున్నవి.

లోమశ మహర్షి నేర్పిన పాఠము

మహాభారతము అరణ్యపర్వమున పాండవుల తీర్థయాత్ర వర్ణింపబడినది. అర్జునుడు దివ్యాస్త్రముల కొరకు పోయియుండగా ధర్మరాజు విచారగ్రస్తుడై యుండెను. అప్పుడు లోమశ మహర్షి వచ్చి, తీర్థములను చూపుటకు తాను తోడు వచ్చెదనని చెప్పెను. ఆ తీర్థములను తాను అంతకుముందే రెండు పర్యాయములు దర్శించితిననియు, పాండవులతో మూడవ పర్యాయము దర్శింతుననియు పలికెను. దారి చూపువానికి ఉండవలసిన మొదటి లక్షణము ఇందు కానవచ్చుచున్నది. తాను నడవని దారిని పరులకు చూపరాదు.

రెండవది, లోమశుడు ధర్మరాజుతో పరివారమును తగ్గించుకొమ్మని చెప్పెను. తక్కువమందితో, తేలికగా పోవువాడే స్వేచ్ఛగా సంచరింపగలడని ఆయన అభిప్రాయము. ధర్మరాజు ఆ మాట మన్నించి, ఆకలిదప్పులకు, దారి శ్రమకు ఓర్వలేనివారిని, రుచికరమైన భోజనములు కోరువారిని వెనుకకు పంపి, వారి పోషణకు తగిన ఏర్పాటు చేసెను. మంచి మార్గదర్శి యాత్రికుని భారమును తగ్గించును. అంగళ్ల వద్ద రెండేసి గంటలు బస్సును ఆపి, కోవెల వద్ద అరగంట మాత్రమే ఇచ్చువాడు ఆ భారమును పెంచువాడగును.

మూడవది, ప్రతి తీర్థము వద్దను లోమశుడు ఆ స్థలమున ఏమి జరిగినదో, ఎవరు తపస్సు చేసిరో వివరముగా చెప్పుచు పోయెను. అగస్త్యుని కథ, ఋష్యశృంగుని కథ, చ్యవనుని కథ ఆ నడకలోనే పాండవులు వినిరి. దారి చూపుటతో పాటు ఆ దారికి అర్థము చెప్పువాడు దొరకిన యెడల అతని వెంట పోవుట భాగ్యమే. అటువంటి వాని వెంట పోయినందున ధర్మరాజు వంటి వానికిని గౌరవలోపము కలుగలేదు.

ఒకే ద్రౌపది, రెండు ప్రయాణములు

ఆ యాత్రలోనే గంధమాదన పర్వతము ఎక్కునపుడు గాలివాన వచ్చినది. ద్రౌపది అలసి, నడువలేక నేలకు ఒరిగినది. నకులుడు పరుగున వచ్చి పట్టుకొనెను. ధర్మరాజు ఆమె తలను ఒడిలో ఉంచుకొనెను. నకుల సహదేవులు ఆమె పాదములు ఒత్తిరి. అందరును ఆగిరి. అటు పిమ్మట భీముడు తన కుమారుడైన ఘటోత్కచుని తలచెను. అతడు వచ్చి ద్రౌపదిని మోసికొని పోయెను. అతని అనుచరులు పాండవులను గూడ మోసిరి. ఆ విధముగా వారు బదరీ వనమునకు చేరిరి. మోయించుకొని పోయినందున ద్రౌపది యాత్రాఫలము తగ్గినదని వ్యాసుడు ఎక్కడను చెప్పలేదు.

భారతమున ద్రౌపది పర్వతమార్గమున పడిపోయిన ఘట్టము మరియొకటి కలదు. అది మహాప్రస్థానమున జరిగినది. అక్కడను అదే ద్రౌపది, అదే అన్నదమ్ములు, అదే హిమాలయము. ఆమె పడిపోయినది. భీముడు కారణము అడిగెను. ధర్మరాజు సమాధానము చెప్పి, వెనుదిరిగి చూడక ముందుకు నడిచెను. ఏల ఈ భేదము? మహాప్రస్థానము దేహబంధములను వదలుకొను అంతిమ ప్రయాణము. అందు ఎవరి కొరకును ఎవరును ఆగరు. తీర్థయాత్ర ఇంటికి తిరిగి వచ్చుటకై చేయు ప్రయాణము. అందు పడినవారి కొరకు అందరును ఆగవలెను. తీర్థయాత్రను మహాప్రస్థానము వలె నడుపువాడు, అతడు టూరు నాయకుడైనను సరే, ఇంటి పెద్ద కొడుకైనను సరే, ధర్మము తెలియనివాడే.

సింగపూరు వాసులకు ద్రౌపది పరాయిది కాదు. సౌత్ బ్రిడ్జి రోడ్డులోని శ్రీ మారియమ్మన్ ఆలయమున జరుగు తీమిది ఉత్సవము ఆమెదే. నిప్పులు తొక్కు భక్తులు సెరంగూన్ రోడ్డులోని శ్రీ శ్రీనివాస పెరుమాళ్ ఆలయమునుండి అక్కడకు నడిచి పోవుదురు. ఆ నడకలో మ్రొక్కు ఎవరిది వారిదే. ఉపవాసము, నియమము ఎవరివి వారివే. వేళ, దారి, కాపలా, నీటి సదుపాయము మాత్రము ఆలయమువారు, స్వచ్ఛంద సేవకులు కలిసి ఏర్పరచుదురు. తైపూసము నాడు ఆ పెరుమాళ్ ఆలయమునుండియే ట్యాంక్ రోడ్డుకు కావడులు పోవునపుడును ఇదే పద్ధతి. క్రమము సంఘమునది, అడుగు భక్తునిది. ప్రతి యేడు కన్నులయెదుట జరుగుచున్న ఈ పద్ధతిలోనే మన ప్రశ్నకు సగము సమాధానము కలదు.

ఒంటరిగా పోయిన విదురుడు

స్వతంత్రముగా పోవుటకును పురాణప్రమాణము కలదు. భాగవతమున విదురుడు హస్తినను విడిచి, ఎవరికిని తెలియని వేషమున, తీర్థములను సేవించుచు ఏకాకిగా తిరిగెను. తన ఇచ్ఛ వచ్చిన చోట ఆగెను. ఇచ్ఛ వచ్చినపుడు కదలెను. అట్లు తిరుగుటచేతనే యమునాతీరమున ఉద్ధవుడు ఆయనకు కనబడెను. ఉద్ధవుని మాట చొప్పున గంగాద్వారమునకు పోయి మైత్రేయ మహర్షిని కలిసికొని జ్ఞానోపదేశము పొందెను. ముందుగా గంటలు లెక్క వేసి, ప్రతి నిమిషమును నింపివేసిన యాత్రలో ఉద్ధవుడు ఎదురుపడినను ఆగి మాటాడుటకు వేళ యుండదు. ఒంటరి యాత్ర యొక్క మహిమ ఇదియే.

అయితే విదురుడు దేహకష్టమును లెక్కింపని వైరాగ్యవంతుడు. ఆయనతో చంటిపిల్లలు లేరు, మోకాళ్ల నొప్పులుగల తల్లి లేదు. విదురుని స్వేచ్ఛను కోరువాడు విదురుని ఓర్పును గూడ సంపాదించుకొనవలెను. మరియు, అంత స్వతంత్రుడును దారి చెప్పుటకు ఉద్ధవుని, జ్ఞానము చెప్పుటకు మైత్రేయుని ఆశ్రయించెను.

తెలుగువారి రెండు యాత్రలు

మన భాషలోనే రెండు గొప్ప ఉదాహరణములు కలవు. తాళ్లపాక అన్నమాచార్యులు (1408-1503) ఎనిమిదేండ్ల బాలుడుగా ఇల్లు విడిచి, తిరుపతికి పోవు యాత్రికుల గుంపులో కలిసెనని ఆయన మనుమడైన చిన్నన్న రచించిన చరిత్ర చెప్పుచున్నది. గుంపు ఆయనను కొండపాదము వరకు చేర్చినది. కొండ ఎక్కుచు మోకాళ్ల పర్వతము వద్ద ఆకలితో, అలసటతో సొమ్మసిల్లినపుడు తోడుగా వచ్చినది అలమేలుమంగమ్మ. కాళ్లకు చెప్పులు ఉండుటచేత కొండ తోచలేదని ఆ తల్లి చెప్పగా, బాలుడు చెప్పులు విడిచి కొండను దర్శించి, ఆమెపై శతకము చెప్పెనని కథ. గుంపు దారి చూపెను. చెప్పులు విడుచుట మాత్రము అతడు స్వయముగా చేయవలసిన పని.

రెండవ ఉదాహరణము ఏనుగుల వీరాస్వామయ్యది. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ ఉద్యోగము చేసిన ఆయన 1830 మే నెలలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చెను. ఏ టూరువారును లేని కాలమున, కుటుంబము, బోయీలు, పరిచారకులు కలిసి నూరుమందికి దగ్గరగా ఉన్న పరివారమును తానే నడిపించెను. ఏ ఊరిలో నీరు బాగుండునో, ఏ చోట అంగళ్లు కలవో, ఏ నది దాటుటకు పడవలు దొరకునో దినదినము వ్రాసియుంచెను. అదే కాశీయాత్ర చరిత్ర. తన యాత్రను తానే ఏర్పరచుకొనెదననువాడు ఎంత శ్రద్ధ వహింపవలెనో ఆ గ్రంథము చూపును. వెనుక వచ్చు వారికి ఉపయోగపడునట్లు ఆయన వ్రాసిపెట్టుట మరియొక ధర్మము.

కొండను ఎరిగి బయలుదేరవలెను

ఇక నేటి మాటకు వచ్చెదము. 1944లో మొదటి ఘాట్ రోడ్డు ఏర్పడువరకు తిరుమలకు నడిచియో, డోలీలోనో పోవలసినదే. నేడు కొండ నడక భక్తుని ఇష్టము. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, మెట్లు సుమారు 3,550. శ్రీనివాస మంగాపురము సమీపమునుండి పోవు శ్రీవారి మెట్టు దారి సుమారు 2 కిలోమీటర్లే గాని, దాదాపు 2,400 మెట్లు గలది. సింగపూరు బ్లాకులో ఒక్కొక్క అంతస్తుకు 16 మెట్లు అనుకొన్నచో, అలిపిరి దారి 220 అంతస్తులకు పైమాట. ఈ ద్వీపమున అన్నిటికంటె ఎత్తయిన బుకిట్ తీమా కొండ 163 మీటర్లు మాత్రమే. లిఫ్టుకు అలవాటుపడిన కాళ్లకు రెండు మూడు నెలల అభ్యాసము లేక ఆ కొండ లొంగదు. ఈ అభ్యాసమును ఏ టూరువారును యాత్రికునికి బదులుగా చేయలేరు.

అలిపిరి దారిలో చూడవలసినవి మెట్లు మాత్రమే కావు. పాదాల మండపమున స్వామివారి పాదుకలను తలపై ఉంచుకొని ప్రదక్షిణము చేయుదురు. ప్రతి మెట్టుకు పసుపు కుంకుమలు పెట్టుచు ఎక్కు స్త్రీలు కనబడుదురు. తరువాత గాలిగోపురము, నరసింహస్వామి సన్నిధి, చివరకు మోకాళ్ల మెట్టు. ఆ కొండ సాలగ్రామమయమని తలచి రామానుజాచార్యులు కాలు మోపక మోకాళ్లతో ఎక్కిరని అక్కడ చెప్పుకొందురు. మెట్టు మెట్టుకు కుంకుమ పెట్టు తల్లిని, రెండు గంటలలో పైకి చేరవలెనని చెప్పు నాయకుని ఒకే జట్టులో కూర్చుట తగదు.

జాగ్రత్తలును తెలిసియుండవలెను. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేండ్ల బాలిక చిరుతపులి వాతబడి మరణించినది. అటుపిమ్మట దేవస్థానమువారు చిన్నపిల్లలతో నడచుటకు వేళలు నియమించి, గుంపులుగా పోవలెనని చెప్పిరి. ఇట్టి నియమములు, దర్శనపు టోకెన్ల పద్ధతి అప్పుడప్పుడు మారుచుండును. తనంతట తాను పోవువాడు బయలుదేరు వారముననే దేవస్థానమువారి ప్రకటన చూచుకొనవలెను. టూరువారితో పోవువాడు వారు దానిని చూచిరో లేదో అడుగవలెను.

సింహాచలము గిరిప్రదక్షిణము వేరు విధము. ఆషాఢ పూర్ణిమకు ముందునాడు కొండపాదముననున్న తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, అడవివరము, హనుమంతవాక, సముద్రతీరము, మాధవధార, గోపాలపట్నముల మీదుగా సుమారు 32 కిలోమీటర్లు నడచి మరల కొండపాదమునకు వత్తురు. లక్షలాది జనము రాత్రంతయు నడచుదురు. అక్కడ ఒంటరివాడు ఒంటరి కాడు. దారి పొడవున పేరు తెలియనివారు నీరు, మజ్జిగ, ప్రసాదము ఇచ్చుదురు. అయినను తప్పిపోయిన ముసలివారిని వెదకుట కష్టము. గుంపు నాయకుడు లెక్కపెట్టుకొని నడిపించుట అక్కడ ఎంతో మేలు.

ఎవరికి ఏది

ఒక ఇంటిని తలచుకొందము. పెరక్ రాష్ట్రపు తోటలో పుట్టి, పెండ్లియాడి సింగపూరు చేరిన నాయనమ్మకు డెబ్బదియైదేండ్లు. ఆమె తల్లి పొద్దున లేవగానే తలచిన పేరు సింహాద్రి అప్పన్నది. కొడుకు టూరువారికి డబ్బు కట్టెదమనును. మనుమరాలు మనమే పోదమనును. ఇద్దరును ప్రేమతోనే వాదింతురు. అంతట నాయనమ్మ, “ఎవరు తీసుకెళ్తే ఏముందిరా? నన్ను తొందర పెట్టకండి, అదే చాలు” అనినచో, శాస్త్రమంతయు ఆ మాటలో ఇమిడియున్నట్లే.

ఆ ఇంటివారు చేయదగినది ఇది. విమానము, బస, ఊరినుండి ఊరికి బండి - వీనిని అనుభవముగల ఏజెంటుకు అప్పగించుటలో దోషము లేదు. సింగపూరులో యాత్రా ఏజెంట్లు లైసెన్సు పొంది యుండవలెనని చట్టము కలదు. డబ్బు కట్టకముందే ఆ లైసెన్సు చూడవలెను. పిమ్మట లోమశుని లక్షణములను ప్రశ్నలుగా మార్చి అడుగవలెను. మీతో వచ్చు నాయకుడు ఈ మెట్లు ఎన్ని పర్యాయములు ఎక్కెను? వెనుకబడినవారితో ఎవరు నడతురు? నడువలేనివారు బస్సులో పైకి పోయి మావారిని ఎక్కడ కలిసికొందురు? మధ్యలో ఒక దినము మాకు విడిచిపెట్టుదురా? వీనికి తిన్నని సమాధానము చెప్పువానితో నిశ్చింతగా పోవచ్చును. నవ్వి దాటవేయువానిని వదలివేయవలెను.

ఆ విడిచిన దినము మిక్కిలి ముఖ్యము. ఏ టూరు పట్టికలోను మన ముత్తాత ఊరు ఉండదు. విశాఖ, శ్రీకాకుళపు పల్లెలలో ఏదో ఒక చెరువుగట్టున, ఏదో ఒక రామాలయము ముందు మన ఇంటిపేరు ఎరిగినవారు ఇంకను ఉండవచ్చును, ఉండకపోవచ్చును. వెదకి చూచుటకు ఒక దినమును దాచుకొనక తిరిగి వచ్చినచో, నూరేండ్ల తరువాత దొరకిన అవకాశము జారిపోవును. ముసలివారు పోయిన పిమ్మట ఆ ఊరి పేరు చెప్పువారు గూడ ఉండరు.

ఇంటిలో అందరును బలవంతులై, తెలుగు మాటాడగలవారై, పూర్వము ఒకసారి పోయి వచ్చినవారైనచో, తమంతట తాము పోవుటయే మేలు. అట్టివారు వీరాస్వామయ్య వలె వ్రాసియుంచి, తిరిగి వచ్చిన తరువాత ఉగాది కూటములలో, భజనల పిమ్మట, రాబోవు యాత్రికులకు చెప్పవలెను. సింగపూరు తెలుగు సమాజము 1975లో స్థాపితమైనది. అటువంటి సంఘములలో ఒకరి అనుభవము పదిమందికి అందుట సులభము. పరాయి ఏజెంటు మీద పూర్తిగా ఆధారపడవలసిన అగత్యము అప్పుడు తగ్గును. మలయా తోటలలో మన పెద్దలు ఒకరికొకరు తోడైన మార్గమే ఇది.

చేతులు, కాళ్లు, మనస్సు అదుపులో ఉన్నవానికే తీర్థఫలము దక్కునని భారతము బోధించుచున్నది. అదుపు అనగా తన వేగమును తాను తగ్గించుకొనుట గూడ. యువకుడు తల్లి నడకకు తన నడకను సరిచేసికొన్నచో, ధనికుడు పేదవాని ఖర్చుకు తన ఖర్చును సరిచేసికొన్నచో, టూరువారితో పోయినను, ఒంటరిగా పోయినను అది తీర్థయాత్రయే. సెరంగూన్ రోడ్డు పెరుమాళ్ ఆలయమునకు పూర్వము నరసింహ పెరుమాళ్ కోవెల యని పేరు. సింహాద్రి నాథుడు ఈ ఊరిలో మన పెద్దలకు దర్శనమిచ్చినది అచ్చటనే యని భావింపవచ్చును. బయలుదేరువారు ముందుగా ఆ సన్నిధిలో నిలిచి, తమ జట్టులో అందరికంటె నెమ్మదిగా నడచువారెవరో తలచుకొని, వారి పేరుతో అర్చన చేయించి, వారి అడుగే తమ అడుగని సంకల్పించుకొందురు గాక. స్వామి అందరిని కొండకు చేర్చి, క్షేమముగా ఇంటికి చేర్చుగాక.

శుభమస్తు.